అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు పుట్టిల్లు ఎక్కడో పట్టుకోవడం ఎలా: అటెన్‌బరో దారిలో

ఇంగ్లీషు ఇంటిపేరు గురించి ఆసక్తి పుట్టగానే అందరం చేసే మొదటి పని, నెట్‌లో ఆ పేరుకు అర్థం వెతకడం. ఒక్క సెకనులో ఏదో ఒక అర్థం దొరికేస్తుంది, దాంతో వెతుకులాట అయిపోయిందనుకుంటాం. చాలాసార్లు ఆ అర్థం తప్పు. ఇందులో వరస తిరగేసి నడవాలి: ముందు మ్యాపు, తర్వాత కాగితాలు, అర్థం అన్నిటికన్నా చివర. ఎందుకో ఒక పేరు పట్టుకుని చూపిస్తాను.

ఆ పేరు అటెన్‌బరో. 1982లో వచ్చిన 'గాంధీ' సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో మనకు కొత్త కాదు. అడవులు, జంతువుల డాక్యుమెంటరీలు చూసేవాళ్ళకు ఆయన తమ్ముడు డేవిడ్ గొంతు ఇంట్లో మనిషి గొంతంత పరిచయం. ఇంత వినబడ్డ పేరైనా ఇంగ్లండులో అది అరుదైనదే. స్మిత్, జోన్స్ లాంటివి లక్షల్లో ఉంటాయి కాబట్టి వాటి మూలం ఒకచోట దొరకదు. అరుదైన పేరుకు మూలం ఒక్క ఊరో, ఒక్క కుటుంబమో అయ్యే అవకాశం ఎక్కువ. మీరు ఎంచుకున్న పేరు ఏదైనా ఇదే దారి పనికొస్తుంది.

మొదటి పని: 1881 నాటి మ్యాపు గీయండి

ఇప్పుడు ఆ పేరున్నవాళ్ళు ఎక్కడున్నారన్నది తర్వాత చూద్దాం. ముందు 1881 ఏప్రిల్ 3న తీసిన జనాభా లెక్క తెరవండి. ఇంగ్లండు, వేల్స్‌లకు సంబంధించిన ఈ లెక్క మొత్తం ఎత్తిరాసి పెట్టారు, ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఖాతా తెరిస్తే ఉచితంగా వెతుక్కోవచ్చు. 1881 ఎందుకంటే, అప్పటికి రైళ్ళు వచ్చినా, ఫ్యాక్టరీ పట్టణాలు జనాన్ని లాగేసుకుంటున్నా, చాలా కుటుంబాలు ఇంకా తాతల జిల్లా చుట్టుపక్కలే ఉన్నాయి. అరుదైన పేర్ల విషయంలో ఆ లెక్క 500 ఏళ్ళ వెనకటి బొమ్మను కూడా కొంతవరకు చూపిస్తుంది.

కౌంటీల వారీగా ఎంతమంది ఉన్నారో ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఉత్త సంఖ్యలు చూస్తే ప్రతి పేరూ లండన్‌లోనే పుట్టినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే జనమంతా అక్కడే ఉన్నారు. జనాభాతో భాగించి చూడాలి. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒక పేరు లండన్‌లో 60 మందికి, నాటింగ్‌హామ్‌షైర్‌లో 30 మందికి ఉంది. 1881లో లండన్ జనాభా 38 లక్షల పైన, నాటింగ్‌హామ్‌షైర్ జనాభా దాదాపు 4 లక్షలు. అంటే లండన్‌లో పది లక్షలకు 16 మంది, నాటింగ్‌హామ్‌షైర్‌లో 75 మంది. సగం మంది ఉన్న కౌంటీయే దాదాపు ఐదు రెట్లు చిక్కగా తేలింది. మీరు వెతకాల్సింది ఆ చిక్కదనాన్ని.

మ్యాపు చేతితో గీయాల్సిన పని కూడా లేదు. 1881 లెక్క నుంచి పేర్ల మ్యాపులు గీసిపెట్టే సర్‌నేమ్ అట్లాస్ అనే సీడీని స్టీవ్ ఆర్చర్ తయారు చేశారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ భూగోళ శాస్త్రవేత్తలు 1881, 1998 మ్యాపులు పక్కపక్కన పెట్టి చూసే వీలు కల్పించారు. అయినా మొదటిసారి చేత్తో లెక్క కట్టమంటాను. ఏ ఊళ్ళో ఎవరున్నారో, ఎవరి పనేమిటో కళ్ళపడేది అప్పుడే.

అటెన్‌బరోలను ఇలా చూస్తే చుక్కలు నాటింగ్‌హామ్‌షైర్, డర్బీషైర్ సరిహద్దు దగ్గర గుమిగూడతాయి. లేసు మగ్గాలు, మేజోళ్ళ మగ్గాలు, బొగ్గు గనులు నడిచిన నేల అది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే, నాటింగ్‌హామ్‌కు నైరుతిగా, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరు ఉంది. ఇది కాక లండన్‌లో ఒక గుంపు కనబడుతుంది. అది చూసి కంగారు పడొద్దు. విక్టోరియా రాణి కాలపు లండన్‌లో అటెన్‌బరోలు పేరుమోసిన తాకట్టు వ్యాపారులు, ఫ్లీట్ స్ట్రీట్‌లో కూడా వాళ్ళ దుకాణం ఉండేది. వ్యాపారం కోసం రాజధానికి వెళ్ళి పాతుకున్న గుంపులు ఇలాగే ఉంటాయి. ఆ గుంపును మూలమని కాకుండా కొమ్మ అని గుర్తు పెట్టుకోండి.

మ్యాపు గీశాక ఆ గుంపుకు ఓ ముప్పై, నలభై కిలోమీటర్ల లోపల అదే పేరుతో, లేదా దగ్గరి పేరుతో ఊరో, పాలెమో, కనీసం పొలమో ఉందేమో చూడండి. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్లు మనకేం వింత కాదు, మన ఇళ్ళల్లో సగం అవే. ఒక చిన్న మర్మం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరిపేరుతో ఎవరూ పిలవరు. వదిలి పక్క ఊరికి పోయినవాడికే ఆ పేరు అంటుకుంటుంది. అందుకే మూల గ్రామంలో ఆ ఇంటిపేరువాళ్ళు ఒక్కరూ కనబడకపోయినా మీ ఊహ తప్పినట్టు కాదు. చుట్టూ ఉన్న ఊళ్ళలో వెతకండి.

స్పెల్లింగు వల విసరండి

సెన్సస్ గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాశాడు. పేరుగలవాడికి చదువు రాదు కాబట్టి సరిదిద్దలేదు. నూరేళ్ళ తర్వాత ఎవరో ఆ గొలుసుకట్టు రాతను కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఇంకో తప్పు చేశారు. ఒక్క స్పెల్లింగుతో వెతికి 'లేరు' అనుకుంటే సగం కుటుంబం జారిపోతుంది. అటెన్‌బరోకే అటెన్‌బరౌ, అటెన్‌బర్రో, అటెన్‌బరా లాంటి రాతలు తారసపడతాయి. చివరి అక్షరాలు తీసేసి నక్షత్రం గుర్తు పెట్టి వెతకడం ఒక పద్ధతి.

సౌండెక్స్ అనే ధ్వని సంకేతం ఇంకొకటి. 1918లో పేటెంటు పొందిన ఈ పద్ధతిలో మొదటి అక్షరం అలాగే ఉంచి, మిగతా హల్లులకు అంకెలు ఇస్తారు, అచ్చులు వదిలేస్తారు. అటెన్‌బరోకు 'ఏ351' వస్తుంది, పైన చెప్పిన రూపాలన్నీ అదే గుంపులో పడతాయి. దీని లోపం మొదటి అక్షరమే. ఆ ప్రాంతపు మాటల్లో పదం ముందు 'హ' మింగేయడం మామూలు, కాబట్టి అతి జాగ్రత్త గల గుమాస్తా లేని 'హ'ను తగిలించి హాటెన్‌బరో అని రాయొచ్చు. అప్పుడు సౌండెక్స్ చేతులెత్తేస్తుంది. ఆ రూపాన్ని మీరే విడిగా వెతకాలి.

అలాగని దగ్గరగా కనబడ్డ ప్రతి పేరునూ వలలో వేసుకోవద్దు. ఆటర్‌బరీ వేరే పేరు. మ్యాపులో గుంపు ఎక్కడుందో చూస్తే ఏది చుట్టమో, ఏది పేరుకు మాత్రమే పోలికో తెలిసిపోతుంది.

కాగితాల మీద వెనక్కి నడక

ఇప్పుడు అసలు ఓపిక కావాల్సిన భాగం. ఇప్పటి నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్ళాలి. మధ్యలో ఎవరో ప్రసిద్ధుణ్ణి పట్టుకుని అక్కణ్ణుంచి కిందికి అల్లుకొస్తే అది కథ అవుతుంది, వంశవృక్షం కాదు.

ఇంగ్లండు, వేల్స్‌లలో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. సూచికలు మూడు నెలలకొకటి చొప్పున ఉంటాయి. ఫ్రీబీఎండీ అనే స్వచ్ఛంద సైటులో ఉచితంగా వెతకొచ్చు. అందులో జననాలకు తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు క్వార్టర్ నుంచే కనిపిస్తుంది. అదే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఆన్‌లైన్ సూచికలో అయితే 1837 నుంచీ ఇచ్చారు. అరుదైన పేరు వెతికేవాళ్ళకు ఇది వరం: ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ కొట్టి వెతికితే ఒక జంట పిల్లలందరూ వరసగా వచ్చేస్తారు. సర్టిఫికెట్ కొనక ముందే కుటుంబాలు విడివిడిగా కళ్ళకు కడతాయి.

రిజిస్ట్రేషన్ జిల్లా పేరు చూసి కౌంటీ తేల్చేయొద్దు. ఆ జిల్లాలను పేదల సహాయ సంఘాల హద్దుల మీద గీశారు, వాటికి కౌంటీ గీతలతో పనిలేదు. రిచర్డ్, డేవిడ్‌ల తాతగారిది స్టేపుల్‌ఫర్డ్, అక్కడ బేకరీ నడిపారు. స్టేపుల్‌ఫర్డ్ నాటింగ్‌హామ్‌షైర్ ఊరు, అటెన్‌బరో గ్రామానికి కూతవేటు దూరం. కానీ 19వ శతాబ్దిలో దాని నమోదు డర్బీషైర్‌లోని 'షార్డ్‌లో' అనే జిల్లా కింద జరిగేది. అటు నాటింగ్‌హామ్‌షైర్‌లోని బాస్‌ఫర్డ్ జిల్లా డర్బీషైర్‌లోని ఇల్‌కెస్టన్‌ను కూడా కలుపుకుంది. ఇది పట్టించుకోకుండా మ్యాపులో రంగులు వేస్తే పేరు సగం సరిహద్దు దాటినట్టు తప్పుగా కనిపిస్తుంది.

సెన్సస్‌లలో 1841ది బలహీనమైనది. పెద్దల వయసులను చాలావరకు ఐదు గుణిజాలకు తగ్గించి రాశారు, పుట్టిన కౌంటీ ఇదేనా కాదా అన్నంత వరకే అడిగారు. 1851 నుంచి పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరు రాశారు, మనకు కావాల్సింది అదే. 1921 లెక్క 2022 జనవరిలో బయటికొచ్చింది. 1931 లెక్క 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు. ఆ గోతిని పూడ్చేది 1939 సెప్టెంబరు 29న తీసిన జాతీయ రిజిస్టరు.

1837కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. 1538లో థామస్ క్రాంవెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయడం మొదలైంది. అన్నీ మిగల్లేదు. 1640, 50లలో అంతర్యుద్ధం వచ్చి చాలాచోట్ల పుస్తకాలు ఖాళీగా మిగిలాయి. అటెన్‌బరో చర్చిలోనే 1611లో బాప్తిస్మం పొందిన హెన్రీ ఐర్టన్ ఆ యుద్ధంలో సేనాని, తర్వాత ఆలివర్ క్రాంవెల్ అల్లుడు, రాజు మొదటి చార్లెస్ మరణ శాసనం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. ఆయన పుట్టుక నమోదుకాగా ఆయన చేసిన యుద్ధం వల్ల ఎందరి పుట్టుకలో నమోదు కాకుండా పోయాయి. పారిష్ పుస్తకం పోతే బిషప్‌కు ఏటా పంపిన నకళ్ళు అడగండి, చాలాసార్లు దారి అక్కడ తెరుచుకుంటుంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1701 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1702. దీన్ని మరిచిపోతే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు, తల్లి చనిపోయాక ప్రసవించినట్టు కనబడి తల గోక్కోవాల్సి వస్తుంది.

వీలునామాలు వదలొద్దు. 1858 జనవరి 12 నుంచి అవి ప్రభుత్వ కోర్టు చేతికి వచ్చాయి. అంతకుముందువి చర్చి కోర్టులవి. నాటింగ్‌హామ్‌షైర్ వాటి కోసం యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్, నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్ రెండూ చూడాలి. డబ్బున్నవాళ్ళవి కాంటర్‌బరీ కోర్టుకు వెళ్ళేవి, అవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీలునామాలో అన్నదమ్ములు, అల్లుళ్ళు, మేనల్లుళ్ళు పేర్లతో సహా దొరుకుతారు, బాప్తిస్మపు పుస్తకంలో దొరికేది తల్లిదండ్రులే, ఒక్కోసారి ఒక్క తండ్రే.

ఇంకా వెనక్కి పోవాలంటే పన్ను జాబితాలు. 1662 నుంచి 1689 వరకు పొయ్యి పన్ను, 1377, 1379, 1381ల తలపన్ను, 1327, 1332లలో చర్చివాళ్ళు కాని జనం మీద వేసిన పన్ను. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి నిలకడగా దిగడం దక్షిణ, మధ్య ఇంగ్లండులో దాదాపు 1250, 1400 మధ్య జరిగింది. ఆ కాలపు జాబితాలో పేరు ముందు 'డి' అని ఉందా అన్నది కళ్ళల్లో వత్తులేసుకుని చూడండి. ఊరిపేరు ముందు 'డి' ఉంటే 'ఫలానా ఊరివాడు' అని, ఇంకా ఇంటిపేరుగా గడ్డకట్టలేదని.

ఇప్పుడు అర్థం

ఇక్కడికి వచ్చాక నిఘంటువు తెరవండి. 2016లో ఆక్స్‌ఫర్డ్ నాలుగు సంపుటాల్లో అచ్చువేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువులో 45,000కు పైగా పేర్లున్నాయి. పాత్రిక్ హాంక్స్, రిచర్డ్ కోట్స్, పీటర్ మెక్‌క్లూర్ సంపాదకులు. బ్రిటన్ లైబ్రరీ కార్డున్నవాళ్ళు చాలాచోట్ల ఇంటి నుంచే చూసుకోవచ్చు. పాత నిఘంటువులు పాత రాతల పోలిక మీద ఎక్కువ ఆధారపడ్డాయి, ఇది 1881 మ్యాపులను కూడా లెక్కలోకి తీసుకుంది. ఊరిపేరు గురించి అయితే 1923లో పుట్టిన ఇంగ్లీష్ ప్లేస్‌నేమ్ సొసైటీ ప్రచురించిన కౌంటీ సంపుటాలు చూడాలి.

అటెన్‌బరో విషయంలో చూడగానే తట్టే అర్థం ఒకటుంది. మధ్యయుగపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'దగ్గర' అని, కాబట్టి 'గుట్ట దగ్గరుండేవాడు' లేదా 'కోట దగ్గరివాడు' అని చెప్పేయొచ్చు. చక్కగా అతుకుతుంది కూడా. కానీ అదే నిజమైతే గుట్ట ఉన్న ప్రతి కౌంటీలోనూ ఆ పేరు పుట్టి, మ్యాపంతా చల్లినట్టు ఉండాలి. చుక్కలు ఒకే చోట, అదే పేరున్న ఊరి చుట్టూ ఉన్నాయి. ఆ ఊరి పాత రాతలు చూస్తే 'ట' స్థానంలో 'డ' ఉంటుంది: అడ్డా లేక ఎడ్డి అనే పాతకాలపు మనిషి పేరు, దాని పక్కన కోట అనే అర్థమిచ్చే 'బుర్' చేరి అయిన పేరు అది. తమాషా ఏమిటంటే, కేంబ్రిడ్జి ఆసుపత్రి వల్ల తెలిసిన ఆడెన్‌బ్రూక్ అనే ఇంటిపేరులో 'డ' కనబడుతుంది గానీ, అది నిజంగానే 'అటెన్', అంటే 'వాగు దగ్గర'. చూపుకు 'అటెన్' అయినది అడ్డా, చూపుకు 'అడ్డా' అయినది అటెన్. అక్షరాలు చూసి తీర్పు చెప్తే రెండూ తప్పేవి.

రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో ఈ రంగపు పండితుడే. తొలి ఇంగ్లీషు రాజుల చట్టాలను అనువదించి 1922లో ప్రచురించారు, తర్వాత లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. తన ఇంటిపేరులోని పాత ఇంగ్లీషు ఆయనకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు.

'మీ ఇంటిపేరుకు రాజముద్ర' అంటూ ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళు తగులుతారు. డబ్బు దండగ. ఇంగ్లండులో ముద్ర ఒక మనిషికి, ఆయన సంతతికి ఇస్తారు, ఇంటిపేరుకు ఇవ్వరు. ఈ మాట అక్కడ ముద్రలు మంజూరు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌ వాళ్ళదే.

డీఎన్ఏ ఎప్పుడు, ఎంతవరకు

ఇంటిపేరు, వై క్రోమోజోము రెండూ తండ్రి నుంచి కొడుక్కి దిగుతాయి. అందుకని పేరంతా ఒక్క పూర్వీకుడి నుంచి వచ్చిందా అన్నది పరీక్షించొచ్చు. లెస్టర్ యూనివర్సిటీలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ళను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అటెన్‌బరోల్లో 70 శాతానికి పైగా ఒకే రకం లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోము ఉంది. స్మిత్‌లలో అలాంటి పోలిక ఏమీ లేదు. మ్యాపు, కాగితాలు, రక్తం మూడూ ఒకే మాట చెప్పిన సందర్భం ఇది.

మిగిలినవాళ్ళ సంగతి? దత్తత, పెళ్ళి కాకుండా పుట్టి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు, ఆస్తి కోసం మామగారి పేరు తీసుకున్నవాళ్ళు, మారుతండ్రి పేరు వచ్చినవాళ్ళు. వీళ్ళు ఆ ఇంటివాళ్ళు కాకుండా పోరు. ఇదే బృందం 2007లో ఇంకో సంగతి బయటపెట్టింది. యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరున్న 18 మందిలో ఏడుగురికి, పశ్చిమ ఆఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనబడని వై రకం ఉంది. కాగితాల్లో వాళ్ళు 1780ల నుంచీ యార్క్‌షైర్ వాళ్ళే. కాబట్టి చుట్టాలను పరీక్ష చేయించుకోమని అడిగేముందు, ఫలితం ఎటైనా రావచ్చని ముందే చెప్పండి. చెప్పకుండా చేయిస్తే ఇళ్ళల్లో గొడవలవుతాయి.

ఇప్పుడు ఎక్కడున్నారు

ఇప్పటి విస్తరణకు పూర్తి జాబితా దొరకదు. ఓటర్ల జాబితాలో 2002 నుంచి బహిరంగ ప్రతిలో పేరు వద్దనుకునే హక్కు వచ్చింది, చాలామంది తప్పుకున్నారు. ఫోర్‌బేర్స్ లాంటి సైట్లు ప్రపంచమంతటి అంకెలు చూపిస్తాయి గానీ అవి అంచనాలు, వాటిని ఒకరకమైన వాతావరణ సూచనలా వాడుకోవాలి. సముద్రాలు దాటినవాళ్ళ కోసం ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పెట్టిన ట్రోవ్, న్యూజిలాండ్ పేపర్స్ పాస్ట్‌లలో పాత పత్రికలు ఉచితం. మరణవార్తల్లో 'నాటింగ్‌హామ్‌వాసి' అన్న ఒక్క మాట దొరికితే చాలు. బతికున్నవాళ్ళ చిరునామాలు, పుట్టినరోజులు మీ మ్యాపులో పెట్టకండి, జిల్లా స్థాయి అంకెలతో ఆపండి.

మీ పేరును ఇప్పటికే ఎవరైనా నమోదు చేసుకుని పని చేస్తున్నారేమో 1979లో ఏర్పడ్డ గిల్డ్ ఆఫ్ వన్‌నేమ్ స్టడీస్‌లో చూడండి. ఒకే ఇంటిపేరు మీద ఇరవై, ముప్పై ఏళ్ళు కూర్చున్న మనుషులుంటారక్కడ. అడిగితే చెప్తారు, కానీ మీ దగ్గరున్నది ముందు పంపి అడగండి.

ఆ పేరు మన నేల మీద తగిలితే

మచిలీపట్నానికి ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లోనే వచ్చింది. అక్కడి నుంచి విశాఖపట్నం దాకా పాత యూరోపియన్ సమాధుల మీద, గుంతకల్లు, సికింద్రాబాద్, కాజీపేట, గూడూరు ప్రాంతాల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఇంగ్లీషు ఇంటిపేర్లు నిలిచి ఉన్నాయి. అలాంటి పేరొకటి మీ కంటపడితే, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలు లండన్‌కు పంపిన బాప్తిస్మ, వివాహ, ఖనన పత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరసలో ఉన్నాయి. రాళ్ళ మీది రాతల కోసం జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చువేసిన మద్రాసు సమాధుల జాబితా చూడండి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ పెట్టిన ఉచిత సూచికలు కూడా ఉన్నాయి.

ఒక్కటి గుర్తుంచుకోండి, పత్రంలో ఇంగ్లీషు తండ్రి ఇంటిపేరు నిలిచిన చోట తల్లి ఈ నేల మనిషి అయితే చాలాసార్లు ఆమెకు చర్చిలో పెట్టిన పేరొక్కటే ఉంటుంది, లేదా అదీ ఉండదు. తండ్రి సిపాయి అయితే మాత్రం దారి సులువు. బ్రిటిష్ సైన్యం నుంచి పింఛనుతో విడుదలైనవాళ్ళ కాగితాలు, 1760 నుంచి 1913 వరకు, క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అనే వరసలో ఉన్నాయి. వాటిలో మనిషి ఎత్తు, జుట్టు రంగు, చేసిన పనితో పాటు పుట్టిన పారిష్ పేరు రాసి ఉంటుంది. కంపెనీ సొంత సైన్యంలో చేరినవాడైతే ఇండియా ఆఫీసు సైనిక జాబితాలు అడగండి, అవి క్యూలో కావు, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.